పండుకుంటే పెరిగే వాట్లు

మా ఆయన మహిపాల్‌కు వనపర్తిలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. దుకాణానికి వచ్చే రైతుల మీద ఆయనకు ఒక ఫిర్యాదు. ఎన్ని రకాల సంచులు ముందు పెట్టినా, ఎంత వివరంగా చెప్పినా చివరికి వాళ్లు అడిగేది ఒక్కటే. "పక్క చేనోళ్లు ఏం వేసిండ్రు?" ఫలానాది అని చెబితే "గదే ఇయ్యి" అంటారు. రోజూ అన్నం ముందు కూర్చుని, "సొంత తెలివి అనేది ఉండద్దా మాలతీ మనుషులకు?" అని నన్ను అడుగుతాడు. నేను పెద్దమందడిలో ప్రైమరీ స్కూలు టీచర్ని. సొంత తెలివి గురించి నాకూ కొన్ని అభిప్రాయాలున్నాయి కానీ, అన్నం తినేటప్పుడు చెప్పను.

అలాంటి మనిషి పోయిన దసరాకు ముందు పవర్ మీటర్ కొనాలని నిశ్చయించుకున్నాడు.

రెండేళ్ల కిందట షుగర్ అంచుదాకా వచ్చిందని డాక్టర్ చెప్పినప్పటి నుంచి ఆయన సైకిల్ తొక్కుతున్నాడు. వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు, ఒంటికి అతుక్కుపోయే బట్టలు. ఊళ్లో ఇంకో అరడజను మందిని పోగేసి ఒక బృందం పెట్టాడు. అందరూ నడుం దగ్గర కాస్త ముందుకు పెరిగినవాళ్లే. ఆదివారాలు గోపాల్‌పేట దాకా తొక్కి, అక్కడ దోశలు తిని, తొక్కినదానికంటే ఎక్కువ సేపు దాని గురించి మాట్లాడి వస్తారు. దాంట్లో నాకేం అభ్యంతరం లేదు. చెడు అలవాట్లలో ఇది మంచిది.

పవర్ మీటర్ అంటే పెడల్ మీద మన కాలు ఎంత బలం వేస్తున్నదో వాట్లలో చెప్పే పరికరం. హ్యాండిల్ మీద ఒక చిన్న తెర ఉంటుంది, అంకె అందులో కనిపిస్తుంది. "వేగానిదేముంది, గాలి ఎనకనుంచి తోస్తె ఎవడైనా ఉరుకుతడు. వాట్లు అబద్ధం చెప్పవు మాలతీ," అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఇంట్లో పప్పు మాడినా, కరెంటు పోయినా, వాట్లు మాత్రం అబద్ధం చెప్పవు.

ఇక ఎంపిక మొదలైంది. పెడల్‌లోనే మీటర్ ఉండే రకం ఒకటి, వెనక చక్రం మధ్యలో ఉండేది ఒకటి, పెడల్‌ను మోసే ఇనుప చేయికి, అంటే క్రాంక్‌కు అతికించి ఉండేది ఇంకొకటి. ఆయన నెలరోజులు వీడియోలు చూశాడు. ఎండకు ఏది తట్టుకుంటుంది, వానకు ఏది పాడవుతుంది, ఏది ఎంత తేడా చూపిస్తుంది, అన్నీ నేర్చుకున్నాడు. మా అత్తమ్మ కిష్టమ్మకు కూడా నేర్పాడు. ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఫోన్ అందుకుని బృందంలో పెద్దవాడైన బాలస్వామి గారికి కలిపాడు. బాలస్వామి గారు ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి.

"అన్నా, హైదరాబాద్ల ఎక్కువమంది ఏది వేస్కుంటుండ్రు?" అని అడిగాడు.

అవతలి నుంచి ఏదో పేరు వచ్చింది.

"గదే తెప్పిస్త," అన్నాడు మహిపాల్.

నేను నవ్వలేదు. మజ్జిగ పోశాను.

వచ్చింది ఎడమ క్రాంక్ మీటర్. అది ఎడమకాలు వేసే బలాన్ని మాత్రమే కొలుస్తుందట, దాన్ని రెండింతలు చేసి చూపిస్తుందట. కుడికాలు కూడా అంతే వేస్తుందని దాని నమ్మకం. బాలస్వామి గారు పెట్టె విప్పేటప్పుడు వచ్చి, సంగతంతా విని, "అంటే కుడికాలు ఊకెనే ఉన్నా పగారు వస్తదన్నట్టు. మా డిపోల గిట్లనే ఉండె," అన్నారు.

దసరా నాడు ఆయుధపూజ. అత్తమ్మ సైకిల్‌ను కడిగి, పసుపు రాసి, క్రాంక్‌కు, సీటు కింద గొట్టానికి, హ్యాండిల్‌కు కుంకుమ బొట్లు పెట్టింది. సీటు వెనక నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. మహిపాల్ కొబ్బరికాయ కొట్టాడు. మరునాటి నుంచి పొద్దున్నే పెడల్‌ను నిటారుగా కిందికి నిలబెట్టి, తెర మీద సున్నా వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. ప్రతిసారీ తొక్కే ముందు మీటర్‌ను అలా సున్నాకు తేవాలి. అది తక్కెడను సరిచూసుకోవడం లాంటిదే. అయితే మా ఆయన దాన్ని వేరే రకంగా అర్థం చేసుకున్నాడు. మీటర్ ఆ సమయంలో తన కాలిని గుర్తుపడుతున్నదని, రోజురోజుకూ తనకు అలవాటు పడుతున్నదని ఆయన నమ్మకం. అందుకని ఒక నియమం పెట్టాడు. ఆ సైకిల్‌ను ఇంకెవరూ ఎక్కకూడదు.

ఈ నియమం మా చెల్లెలు ఉమ కోసం పెట్టింది కాదు కానీ, తగిలింది దానికే.

ఉమ మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్నది. మా అమ్మానాన్నలు పాన్‌గల్ దగ్గర పల్లి, కంది వేసుకునే మెట్ట రైతులు. ఉమ కాలేజీ సైకిల్ మీద జిల్లా పోటీల్లో రెండుసార్లు మొదటి స్థానం తెచ్చింది. జనవరిలో నాగర్‌కర్నూల్‌లో ఎంపికలు, హైదరాబాద్‌లో జరిగే సైక్లింగ్ శిక్షణ క్యాంపుకు. ఎవరి సైకిల్ వాళ్లే తెచ్చుకోవాలి. వయసు లెక్కన దానికి ఇదే ఆఖరి ఏడాది. కాలేజీ సైకిల్‌కేమో గేర్లు పడిపోయి, చెయిన్ ఎప్పుడు ఊడుతుందో తెలియని స్థితి. పిల్ల బావను అడిగింది.

"బావా, వారానికి రెండు దినాలు ఇస్తవా? మంచిగ చూస్కుంట."

"ఇస్తును ఉమా, నాదేం పోతది. కానీ వేరే కాలు పడితె మీటర్ పరేషాన్ అయితది. నా కాలుకు అలవాటు చేసుకుంటున్న," అన్నాడు చాలా ప్రేమగా. "ముందుగాల నువ్వు మామూలు సైకిల్ మీద బలం తెచ్చుకో. వాట్లు తర్వాత చూద్దాం."

ఉమ పోయి కాలేజీ సైకిల్ చెయిన్‌కు నూనె వేసుకుంది. ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు. నాకు ఒళ్లు మండింది. ఆయన చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని. ఆయన చెడ్డవాడు కాదు, అదే కష్టం.

దీపావళి దాటిన వారం విత్తన కంపెనీ మీటింగ్ అని ఆయన హైదరాబాద్ పోయాడు. తెల్లారి ఉమ నా మొహం చూసింది. నేను తాళంచెవి ఇచ్చాను. మళ్లీ అడిగినా ఇస్తాను. సీటు ఎత్తు దానికి సరిపోలేదు. రెంచీతో దింపుకుని, ఎక్కడిదాకా దింపాలో గుర్తుండటానికి సీటు కింద గొట్టం మీద తన నెయిల్ పాలిష్‌తో ఎర్రగా ఒక చుక్క పెట్టుకుంది. అక్కడ అప్పటికే నాలుగు కుంకుమ బొట్లు ఉన్నాయి. ఐదోది ఎవరి కంటికీ ఆనలేదు.

పాన్‌గల్ రోడ్డు మీద పోయి వచ్చి, సీటును మళ్లీ బావ ఎత్తుకు లేపి బిగించింది. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోశారట, మిగతా సగంలో తొక్కిందట. మొహం వెలిగిపోతున్నది. పిల్లను అలా చూసి చాలా కాలమైంది. నాకు ఏడుపు వచ్చింది, ఉల్లిగడ్డలు తరుగుతున్నాను కాబట్టి సరిపోయింది.

మాకు తెలియనిదల్లా ఒక్కటే. పెడల్ కదిలితే చాలు, ఆ చిన్న తెర తనంతట తాను లెక్క మొదలుపెడుతుంది. ఇంటికి రాగానే వైఫై అందుకుని తనంతట తాను మహిపాల్ ఫోన్‌కు పంపేస్తుంది.

ఆయన హైదరాబాద్ నుంచి దిగుతూనే బ్యాగు కింద పెట్టకుండా ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. "చూడు! నా వాట్లు పెరిగినయంట!" ఆయన గంటసేపు ఆపకుండా వేయగల బలం నూటనలభై ఎనిమిది ఉండేది. అది నూటడెబ్బై ఐదు అయిందని, శరీరం బాగా అలసిందని, రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలని ఫోన్ చెబుతున్నది.

ఇప్పుడు అడుగుతాడు, సైకిల్ ఎవరు తీశారని. ఆయన అడగలేదు. కుర్చీలో కూర్చుని కాసేపు ఆలోచించి, "వీడియోల గిదే చెప్పిండ్రు. బలం వచ్చేది తొక్కినప్పుడు కాదంట, పండుకున్నప్పుడంట. నేను బస్సుల నిద్రపోయిన గద," అన్నాడు.

రోజువారీ లెక్కలన్నీ ఆ ఫోన్‌లోనే ఇంకో పేజీలో ఉన్నాయి, ఏ తేదీన ఎవరు ఏ రోడ్డు మీద పోయారో గీత గీసి మరీ చూపిస్తుంది. ఆయన ఆ పేజీ తెరవలేదు. తీర్పు తనకు అనుకూలంగా వచ్చినవాడు సాక్ష్యాల జోలికి పోడు.

మిషన్ విశ్రాంతి తీసుకోమన్నది కనుక మరునాడు ఎనిమిదింటిదాకా పండుకున్నాడు. ఆయన పండుకున్నాడు కనుక ఉమకు సైకిల్ దొరికింది. ఉమ తొక్కింది కనుక మిషన్ ఆయన ఇంకా అలసిపోయాడన్నది. ఇలా ఒక చక్రం తిరగడం మొదలైంది. నేను దాన్ని తిప్పలేదు, ఆపనూ లేదు.

అత్తమ్మకు సంగతి మొదటి వారంలోనే తెలిసింది. ఆమెకు తెలియకుండా మా గేటు చప్పుడు కాదు. తిడుతుందనుకున్నాను. ఆమె వెనక కొట్టంలోంచి మా మామయ్య అనంతయ్య తొక్కిన పాత సైకిల్‌ను తోసుకొచ్చి, వరండాలో కొత్త సైకిల్ ఉండే చోట నిలబెట్టి, కొత్తదానికి రోజూ కప్పే దుప్పటినే దీని మీద కప్పింది. మామయ్య పోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ తొక్కలేదు.

"దుప్పటి కింద ఏదో ఒక సైకిల్ ఉంటె సాలు," అన్నది. "వాడు లేపి చూడడు. పండుకొమ్మన్న దినం అసలే చూడడు."

డిసెంబర్ వచ్చేసరికి ఆయన వాట్లు నూటతొంభై దాటాయి. మధ్యమధ్యలో ఆయనా తొక్కేవాడు, లేదనను. కానీ ఆ రోజుల్లో మిషన్ "మెల్లగా తొక్కు, అలసి ఉన్నావు" అనేది. ఆయన మెల్లగా తొక్కి, అంత మెల్లగా తొక్కగలిగినందుకు గర్వపడుతూ వచ్చేవాడు. బాలస్వామి గారికీ మిగతా వాళ్లకీ దోశల దగ్గర ఉపదేశం మొదలైంది. "తొక్కుడు అందరు తొక్కుతరు. పండుకునుడు వస్తదా? అసలు ట్రైనింగ్ గదే." ఆ మాట బృందానికి ఎంత నచ్చిందో చెప్పలేను. వాళ్ల ఇళ్లల్లో చలికాలం పొద్దున్నే లేచే బాధ తప్పింది. అంతదాకా దారిలో ఎవరైనా చూస్తారేమోనని ఉమ చున్నీ మొహానికి చుట్టుకుని పోయేది. తర్వాత ఆ అవసరం లేకుండా పోయింది, రోడ్డు మీద సైకిల్ బృందం వాళ్లు ఒక్కరూ ఉండేవాళ్లు కాదు.

ఒక పొద్దున మంచం మీది నుంచే కేక వేశాడు. "అమ్మా, కాళ్లు గుంజుతున్నయే. జర నూనె రాయవా?"

వంటింట్లో అత్తమ్మ అప్పుడే వేడి పల్లి నూనెతో ఉమ పిక్కలు రుద్దుతున్నది. చేయి ఆపకుండానే జవాబిచ్చింది. "ఏం పని జేసినవని గుంజుతున్నయి రా? పండుకున్న కాళ్లకు నూనె రాయనీకె నా చేతుల్ల బలం లేదు."

"నీకు తెల్వదమ్మా. లోపల కండ తయారైతుంటది."

"అయితె కానీ," అన్నది అత్తమ్మ.

కొత్త సంవత్సరానికి అంకె రెండువందల పది. ఇక ఆయన ఆగలేకపోయాడు. నాగర్‌కర్నూల్‌లో ఎంపికలు జరిపే కోచ్ జయరాజు గారికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు, నేను వినాలని.

"మూడు నెలల్ల గింత పెరుగుడా? నా సర్వీసుల చూడలే సార్. ఏం చేసిండ్రు?" అన్నారు జయరాజు గారు.

"పండుకునుడే సార్."

జయరాజు గారు అందుకున్నారు. "ఆదివారం మా దగ్గర సెలక్షన్స్ ఉన్నయి. పిల్లలకు ముందుగాల మీరు ఒక ఇరవై నిమిషాలు స్టాండు మీద తొక్కి చూపెట్టరాదుండ్రి. ఈ వయసుల మీరు చేసినంక వాళ్లకు జర హుషారొస్తది."

"వస్త సార్, తప్పకుంట వస్త," అన్నాడు మహిపాల్.

ఉమ మొహం తెల్లబోయింది. మా ఉపాయం వేరే ఉండె. ఎంపికకు బావ ఎట్లాగూ కారులో తీసుకుపోతానన్నాడు. అక్కడ పదిమందిలో, "ఆ పిల్ల సైకిల్ పాడైంది, అరగంట మీది ఇయ్యండి" అని నేను అడుగుదామనుకున్నాను. నలుగురిలో అడిగితే కాదనే మనిషి కాదు ఆయన. ఇప్పుడు ఆయనే ముందు స్టాండు ఎక్కుతాడు, నూటనలభై వేస్తాడు, అంతా బయటపడుతుంది. కోపంలో సైకిల్ కారుకు కట్టేసి తాళం వేసుకుంటే ఉమ దేని మీద తొక్కాలి? మరో ఏడాది లేదు. ఆ మూడు నాలుగు రోజులు నాకు బడిలో ఎక్కాలు కూడా తప్పుగా వచ్చాయి.

ఆదివారం కాలేజీ మైదానంలో షామియానా వేశారు. పిల్లలు సైకిళ్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. బాలస్వామి గారు, ఇంకో ఇద్దరు బృందం వాళ్లు చప్పట్లు కొట్టడానికి వచ్చారు. సైకిల్ వెనక చక్రం తీసి, కదలకుండా ఉన్నచోటనే తొక్కే స్టాండుకు బిగించారు. మహిపాల్ పెడల్‌ను నిటారుగా నిలబెట్టి, సున్నా చూసుకుని, దండం పెట్టుకుని ఎక్కాడు.

మొదటి రెండు నిమిషాలు రెండువందల పది ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత నూటతొంభై అయింది. నూటడెబ్బై అయింది. ఆయన మెడ మీద నరాలు లేచాయి, ముక్కు చివర నుంచి చెమట తెర మీద పడుతున్నది. నూటముప్పై. ఎనిమిదో నిమిషమో ఏమో, పెడల్ ఆగింది.

"మీటర్ల ఏదో తేడా వచ్చింది సార్," అన్నాడు ఊపిరి అందక.

దిగి మళ్లీ సున్నా చూశాడు. బ్యాటరీ తీసి నోటితో ఊది పెట్టాడు. బాలస్వామి గారు సీటు వెనక కట్టిన నిమ్మకాయను అనుమానంగా చూసి, "గిది ఎండిపోయింది, మార్చలేదేంది?" అన్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఆయన మీద జాలి కలిగింది. నిజంగా కలిగింది. అంతమందిలో, ఆ బిగుతు బట్టల్లో, తన కాళ్లు తనను మోసం చేశాయని ఒప్పుకోలేక నిలబడిన మనిషిని చూస్తే, వెళ్లి తువ్వాలు కప్పాలనిపించింది.

జయరాజు గారు మంచి మనిషి, నవ్వలేదు. "మీటర్ మంచిగున్నదా లేదా తెలుసుకునుడు అల్కటి పనే సార్. ఇంకొకల్ని ఎక్కిచ్చి చూద్దాం. మీ మరదలు ఉన్నది గద, ఆమె వంతు ఎట్లన్న రావాలె. దీని మీదనే తొక్కనీయుండ్రి."

మహిపాల్ నోరు తెరిచాడు. వేరే కాలు పడితే పరేషాన్ అవుతుందని అనబోయాడు, నాకు తెలుసు. కానీ చెడిపోయిందని తానే అన్న మీటర్‌ను ఇంకా ఏం చెడగొడతారని అంటాడు? నోరు మూసుకున్నాడు.

ఉమ నా వైపు ఒకసారి చూసింది. సీటు ఎత్తు ఎక్కువ. ఇంకెవరైనా అయితే పక్కన నిలబడి, తొడ ఎత్తు చూసుకుని, రెండు మూడుసార్లు దింపి ఎక్కించి చూసుకుంటారు. అది భయంలో ఉంది, ఆలోచించలేదు. సీటు వెనక సంచిలోంచి రెంచీ తీసి, మర వదులు చేసి, ఒకే ఊపున సీటును బొట్టు దాకా దింపి బిగించింది. మహిపాల్ అది చూశాడు.

ఇరవై నిమిషాలు తొక్కింది. ఎంపిక కావడానికి ఆడపిల్లలకు పెట్టిన గీటు నూటఎనభై. తెర మీద రెండువందల పది వచ్చి నిలబడింది, ఐదు అటు, ఐదు ఇటు. మొదట అందరూ మాట్లాడుతున్నారు. సగానికి వచ్చేసరికి అందరూ తెర చుట్టూ మూగారు. చివరి నిమిషంలో జయరాజు గారు, "వెయ్ బిడ్డ, వెయ్ వెయ్!" అని అరవడం మొదలుపెట్టారు, ఆయనతో పాటు వరసలో ఉన్న పిల్లలూ అరిచారు. నేను కూడా అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు.

"మీటర్‌కేం రోగం లేదు," అన్నారు జయరాజు గారు, మా ఆయన ఫోన్ తీసుకుని వేలితో ఏదో జరుపుతూ. మా ఆయన మూడు నెలలుగా తెరవని పేజీ ఆయన ఒక్క నిమిషంలో తెరిచారు. "అన్నిటికంటె ఎక్కువ మొన్న గురువారం పొద్దుగాల వచ్చింది. పాన్‌గల్ రోడ్డు మీద. గురువారం మంచిగ తొక్కిండ్రు గద సార్?"

"గురువారం నేను పండుకున్న సార్," అన్నాడు మహిపాల్.

అని, తన మాట తానే విన్నాడు. మెల్లగా వంగి, సీటు కింద గొట్టం మీది బొట్లను చూశాడు. ఒకదాన్ని వేలితో రుద్దాడు, పొడి రాలింది. ఇంకోదాన్ని రుద్దాడు, రాలింది. ఐదోదాన్ని గోటితో గీకాడు. అది రాలేదు. లేచి ఉమ చేతి గోళ్లు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

నేను చూపు తిప్పుకోలేదు. ఆయన కేక వేస్తే వేయనీ, ఇరవై నిమిషాలు అయిపోయాయి, వాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు అనుకున్నాను.

"పిల్ల ఎంపికైనట్టే," అన్నారు జయరాజు గారు. "కానీ క్యాంపుకు సొంత సైకిల్ కావాలె. మీటర్ కూడ ఉండాలె, ఆడ ట్రైనింగ్ అంత దాని మీదనే. ఈ సైకిల్ ఎవరిది?"

ఇది నేను అనుకోలేదు. ఉమ కూడా అనుకోలేదు. అది గబుక్కున స్టాండు దిగి పక్కకు నిలబడింది. అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన చెమట తుడుచుకున్నాడు. చాలా సేపు తుడుచుకున్నాడు.

"మా ఇంటిది," అన్నాడు. "ఉమది అనే రాసుకోండ్రి."

"మరి మీ వాట్లు?" అన్నారు బాలస్వామి గారు, ఊరుకోవచ్చు కదా.

"నావే అన్నా. నేను పండుకోకపోతె ఈమె ఎప్పుడు తొక్కేది?"

షామియానా కింద నవ్వు లేచింది. ఆయన కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

కారులో గోపాల్‌పేట దాకా వచ్చాం. అక్కడ దోశల హోటల్ దాటాక అద్దంలోంచి వెనక్కి చూస్తూ, "పొద్దుగాల చలికి చేతులకు ఏమన్న వేస్కున్నవా?" అని ఉమను అడిగాడు.

"లే బావా."

"నా గ్లౌజులు సీటు సంచిలనే ఉంటయి గద. వేస్కోవద్దా?"

ఉమ ఏడ్చేసింది. నాతో మాత్రం ఆయన వారం రోజులు మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా అత్తమ్మతో చెప్పించేవాడు. నేను పట్టించుకోలేదు, ఉప్పు కూడా అత్తమ్మతోనే పంపించాను.

ఫిబ్రవరిలో ఉమ సైకిల్‌తో హైదరాబాద్ క్యాంపుకు పోయింది. మీటర్ మాత్రం ఇంకా మహిపాల్ ఫోన్‌తోనే ముడిపడి ఉంది. మారుస్తానని ఉమ అంటే, "ఉండనీ, తొందరేమున్నది" అన్నాడు. రోజూ సాయంత్రం దుకాణంలో ఫోన్ టింగుమనేది. ఇంటికి వచ్చి, "ఇయ్యాల గట్టిగ తొక్కినం," అనేవాడు. "రేపు రెస్టు అన్నది." మరునాడు రెస్టు తీసుకునేవాడు. మనిషి మారాడని నేను అనను.

నెల గడిచాక ఒక సాయంత్రం ఫోన్ మోగలేదు. తర్వాతి రోజూ లేదు. మూడోనాడు, "మీ బలం తగ్గుతున్నది" అని వచ్చింది. ఆయన అన్నం ముందు కూర్చుని తినకుండా ఫోన్‌నే చూస్తున్నాడు.

"ఉమ తొక్కుతలేదు మాలతీ."

"సెలవిచ్చారేమో."

"రెస్టు అయితె రెస్టు అని వస్తది. ఇది గట్ల లేదు." ఆయనే ఫోన్ చేశాడు. ఉమకు జ్వరం. మేము పరేషాన్ అవుతామని నాకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, దవాఖానకు కూడా పోలేదు. సొంత అక్కను, నాకు తెలియలేదు. వాట్లు చూసి ఆయనకు తెలిసింది. జయరాజు గారితో మాట్లాడి, క్యాంపు వాళ్లకు చెప్పించి, పిల్లను దవాఖానకు పంపించేదాకా ఆయన చేయి కడుక్కోలేదు. నాకు అంతదాకా ఉన్న కోపమంతా ఆ రోజు పోయింది. ఆ మాట ఆయనతో చెప్పాను కూడా.

ఆదివారం పొద్దున్నే లేచేసరికి పక్కన ఆయన లేడు. వరండాలో దుప్పటి నేల మీద పడి ఉంది. మామయ్య సైకిల్ లేదు. కారు మాత్రం అక్కడే ఉంది.

మధ్యాహ్నం వేళకు వచ్చాడు. మామూలు చొక్కా, లుంగీ పైకి కట్టి ఉంది. చొక్కా మొత్తం ఒంటికి అతుక్కుంది. పాన్‌గల్ పోయి, ఉమకు జ్వరం తగ్గిందని మా అమ్మకు ఎదురుగా చెప్పి వచ్చాడట. ఫోన్‌లో చెబితే ఆమె నమ్మదట. వచ్చేటప్పుడు మా అమ్మ ఊరుకుంటుందా, వెనక క్యారియర్ మీద పల్లికాయ బస్తా కట్టి పంపింది. గేర్లు లేని ఆ ఇనుప సైకిల్ మీద, ఎదురుగాలిలో, ఎండలో, ఆ బస్తాతో ఎత్తుగడ్డలన్నీ ఎక్కి వచ్చాడు.

మెట్ల మీద కూలబడ్డాడు. చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాడు.

"ఎంత వచ్చి ఉంటది మాలతీ?"

"ఏంటివి?"

"వాట్లు."

"దానికి మీటర్ లేదు కదండీ. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన సైకిల్ వైపు చూసి తలూపాడు. మళ్లీ అడగలేదు. లేచి లోపలికి పోబోతే కాళ్లు వణికి గోడ పట్టుకున్నాడు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూస్తున్నది. వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది. కాసేపటికి గిన్నెలో వేడి నూనె పట్టుకొచ్చి, ఆయన ముందు కింద కూర్చుంది.

"కాళ్లు ఇటు పెట్టు," అన్నది.